అన్నభేది

గుర్రంపోడు దాటినంక ఎర్రదుబ్బ మొదలైతది.
బండి సంచిల నాలుగు సీసాలు, స్పిరిట్,
పీహెచ్ కాగితాల చిన్న బుక్కు.
పద్దెనిమిదేండ్ల సంది మట్టి పరీక్షల అటెండర్ని,
సారు రాని ఊర్లకు
సారు సంతకాన్ని మోసుకపోయేటోన్ని.

ఈదమ్మ తోటల మూడు వందల బత్తాయి చెట్లు.
పురుగు తినలే, ఎండు తెగులు రాలే,
కొసాకులన్నీ పసుపెక్కినయి.
ఈనెలు మాత్రం పచ్చగ,
ఎవరో కాగితం మీద వాగులన్నీ గీసి
ఊర్ల పేర్లు రాసుడు మర్చిపోయినట్టు.

"ఇనుము తక్కువ" అన్న.
కాలి బొటనవేలితోని దుబ్బను గీకింది.
"మరి ఇది ఎరుపెందుకుంది? తుప్పు కాదా?
ఇనుము మీద నిలబడ్డ చెట్టుకు
ఇనుము లేదంటవ్?"

బోరు కింద గ్లాసు పెట్టిన.
ఏడు వందల ఫీట్ల చీకటిల నుంచి
ఏమెరగనట్టు తేటగ వచ్చినయి నీళ్లు.
కాగితం ముంచితే పచ్చబడి, పచ్చ దాటి
నీలం దిక్కు పోయింది.
తోటల అన్నిటికన్న పచ్చగున్నది
ఆ గోరంత కాగితమే.

"ఈ నీళ్లల్ల సున్నముంది, ఈదమ్మా.
వేరు నోరు తెరిసేలోపే ఇనుమును బిగదీస్తది.
గాదె నిండుగనే ఉంది.
తాళంచెవి నీళ్ల కొంగున ఉంది."

నవ్వితే నా పండ్లను చూసింది,
చిన్నప్పటి బోరింగు గీసిన గోధుమ గీతలను.
"నువ్వూ గీ నీళ్లే తాగినవా?"
నాది వేరే ఊరు, వేరే ఉప్పు.
పాతాళం మాత్రం ఒక్కటే.

పొయ్యి మీద నీళ్లు, నీళ్లల్ల స్పిరిట్ గ్లాసు,
గ్లాసుల ఒక ఆకు.
కిరణజన్య సంయోగక్రియ అనేందుకు నోరు తిరగక
ఎనిమిదో తరగతిల దెబ్బలు తిన్నోన్ని,
ఇప్పుడు ఆ పేరు పలకకుండనే చూపించిన.
రంగు దిగిన ఆకు మీద అయొడిన్ చుక్కలేస్తే
ఈనెల పొంటి నల్లనీలం పాకింది.
నడుమల గడ్డిరంగు అట్లనే మిగిలింది.
"నీలమైన కాడ అన్నం ఉడికింది.
కాని కాడ పొయ్యే అంటుకోలే.
ఎండ పొద్దంత గడపల కూసొని లేచిపోయింది."

చానసేపు ఆకునే చూసింది.
"నేనే తక్కువ చేసిన్నేమో అని
మొన్న ఇంక రెండు బస్తాల డీఏపీ పోయించిన."
అది గూడ ఇనుమును కట్టేస్తదని
చెప్పబోయి ఊకున్న.
ఆ బస్తాల బాకీ ఇంక తీరలేదట.

లీటరుకు ఐదు గ్రాముల అన్నభేది,
ఒక గ్రాము నిమ్మఉప్పు. పొద్దుగూకంగ కొట్టాలె.
"బత్తాయికి నిమ్మ మందా?
అక్కకు నొప్పొస్తే చెల్లె కషాయం కాసినట్టుంది.
గా మొదటిదాని పేరేంది మల్ల?
అన్నం పెట్టేదా, అన్నాన్ని చీల్చేదా?"
నాకు తెల్వదు.
దుకాణం రసీదుల ఫెర్రస్ సల్ఫేట్ అని ఉంటది.

పన్నెండు రోజులకు మల్ల పోయిన.
ఆకుల నిండ పచ్చటి మచ్చలు,
తుంపర పడ్డ కాడ పడ్డంత.
పడని కాడ పసుపే.
ఇనుము ఆకుల నడవదు,
దిగిన కాడనే ఇల్లు కట్టుకుంటది.
కొత్త ఇగురు మల్ల పసుపుగనే వచ్చింది.
ఈదమ్మ దాన్ని చూపియ్యలే. నేనూ అడగలే.

తోట గట్టుకు పాత ఫ్లెక్సీ పరిచి ఉంది,
ఎవరిదో ఎలక్షన్ నవ్వు, బోర్ల.
దాని కొసకు నీలం డ్రమ్ము.
రాత్రి పడ్డ మొదటి వాన
మోకాలి లోతు కూడ లేదు అండ్ల.
"ముంచు" అన్నది.

ముంచిన.
కాగితం పచ్చబడలే,
మెల్లగ, నిమ్మతొక్కంత, పసుపయింది.

"గిది మంచి పసుపేనా?"
"మంచిదే."

తడి కాగితాన్ని నా చేతిల నుంచి తీసుకొని
కొంగుకు ముడేసుకుంది.
బుక్కుల ఒక కాగితం తక్కువైందని
సారుకు ఇంక చెప్పలే.